ఎం.ఎన్.ఆర్.ఎఫ్. చికిత్స: సూది లోతు, వేడి మోతాదు, ఫలితానికి పట్టే కాలం

మొటిమలు తగ్గిపోయినా చెంపల మీద మిగిలిపోయే గుంటల కోసం హైదరాబాదులోనో విజయవాడలోనో చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళేవారికి ఇవాళ తరచుగా వినిపిస్తున్న పేరు ఎం.ఎన్.ఆర్.ఎఫ్. సన్నని సూదులతో చర్మంలోకి రేడియో ఫ్రీక్వెన్సీ విద్యుత్తును పంపే మైక్రోనీడ్లింగ్ చికిత్సకు మన క్లినిక్కుల్లో వాడుకలో ఉన్న పొట్టిపేరు అది. ప్రకటనలు చూస్తే గుంటలు, ముడతలు, జారిన దవడ, పెద్దవైన చర్మరంధ్రాలు, కాన్పు తర్వాత పొట్ట మీద మిగిలిన చారలు, అన్నింటికీ ఇదే మందన్నట్లు ఉంటాయి. మరోవైపు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 అక్టోబరులో ఇదే చికిత్స గురించి హెచ్చరిక జారీ చేస్తూ, కాలిన గాయాలు, కొత్త మచ్చలు, ముఖంలో కొవ్వు కరిగిపోవడం, రూపు చెడిపోవడం, నరాలు దెబ్బతినడం వంటి ఫిర్యాదులు తమకు అందాయనీ, కొందరికి సరిదిద్దే శస్త్రచికిత్స కూడా అవసరమయిందనీ పేర్కొంది. ప్రకటనా హెచ్చరికా రెండూ ఒకే తరహా యంత్రాల గురించే కనుక, అవి చర్మం లోపల చేసే పని ఏమిటో తెలిస్తే తప్ప ఈ రెండింటినీ కలిపి అర్థం చేసుకోవడం కుదరదు.

చర్మంలో పైకి కనిపించే పొర, అంటే బాహ్యచర్మం, శరీరంలో చాలా చోట్ల మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే ఉంటుంది. దాని కింద ఉండే అంతశ్చర్మం ముఖం మీద సుమారు 1 నుంచి 2 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్ అనే మాంసకృత్తు పీచులు ఉండేది అందులోనే. మొటిమ లోతుగా పుండై మానినప్పుడు ఈ పొరలో కొలాజెన్ నశించి, పైచర్మం లోపలికి దిగిపోవడం వల్లనే గుంట ఏర్పడుతుంది. కాబట్టి పైన ఎన్ని క్రీములు రాసినా గుంట పూడదు. కింద కొత్త కొలాజెన్ పుట్టాలి. అది పుట్టాలంటే శరీరానికి ఒక చిన్న, అదుపులో ఉన్న గాయం కావాలి. 1997లో కెనడాకు చెందిన శస్త్రవైద్యుడు కామిరాండ్, సిరా లేని పచ్చబొట్టు సూదులతో మచ్చల మీద పొడిచి అవి మెత్తబడడాన్ని గమనించి రాశారు. దక్షిణాఫ్రికా ప్లాస్టిక్ సర్జన్ డెస్మండ్ ఫెర్నాండెస్ అదే ఆలోచనను సూదులు గుచ్చిన చిన్న రోలరుగా మలిచారు. మనవాళ్ళు డెర్మారోలర్ అని పిలిచేది దానినే.

సూదికి వేడిని జోడించడంతో ఈ చికిత్స స్వభావం మారింది. మామూలు విద్యుత్తు తగిలితే కండరాలు కొట్టుకుంటాయి కానీ, సెకనుకు పదివేల కంటె ఎక్కువసార్లు దిశ మారే విద్యుత్తుకు అవి స్పందించవని ఫ్రెంచి శాస్త్రవేత్త దార్సొన్వాల్ 19వ శతాబ్దం చివరిలోనే గమనించారు. అటువంటి విద్యుత్తు కణజాలంలో మిగిల్చేది వేడి మాత్రమే. ఈ సూత్రం మీదనే విలియం బోవీ తయారు చేసిన పరికరాన్ని మెదడు శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ 1926లో వాడి, రక్తస్రావాన్ని ఆపుతూ కోయడం సాధ్యమని చూపించారు. నేటికీ ఆపరేషన్ థియేటర్లలో కాటరీ అని పిలిచే యంత్రానికి మూలం అదే. ఎం.ఎన్.ఆర్.ఎఫ్. యంత్రంలో అదే జాతి విద్యుత్తు, సాధారణంగా సెకనుకు పది లక్షలు లేదా ఇరవై లక్షల ఆవర్తనాలతో, ఒక సూది మొన నుంచి పక్క సూది మొనకు ప్రవహిస్తుంది. ఆ దారిలో కణజాలం 60 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కినప్పుడు కొలాజెన్ పీచులు నిప్పు సెగ తగిలిన పాలిథిన్ సంచిలా ముడుచుకుంటాయి. అక్కడక్కడ సూక్ష్మమైన బిందువుల్లో కణజాలం గడ్డకడుతుంది. వాటి చుట్టూ చెక్కుచెదరకుండా మిగిలిన చర్మంలో కొలాజెన్‌ను తయారుచేసే ఫైబ్రోబ్లాస్ట్ కణాలు మేల్కొని, దెబ్బతిన్న చోటును కొత్త పీచుతో నింపడం మొదలుపెడతాయి.

సూదులన్నీ ఒక రకం కావు. కొన్నింటికి మొన తప్ప మిగిలిన ఒడలంతా విద్యుత్తు సోకని పూత ఉంటుంది. అప్పుడు వేడి లోపల మాత్రమే పుడుతుంది, పైచర్మం దాదాపు క్షేమంగా ఉంటుంది. పూత లేని సూదుల్లో వేడి సూది పొడవునా పుట్టగలదు కనుక, ఆ దారిలో తెగిన చిన్న రక్తనాళాలు మూసుకుపోయి రక్తం తక్కువగా వస్తుంది గానీ, శక్తి ఎక్కువైతే పైచర్మం కూడా కాలే అవకాశం పెరుగుతుంది. మన వంటి చామనఛాయ, నలుపు చర్మాలకు ఈ తేడా చిన్నది కాదు. లేజర్ కాంతిని నీరో మెలనిన్ వర్ణకమో పీల్చుకోవడం వల్ల వేడి పుడుతుంది. గుంటలకు వాడే కార్బన్ డయాక్సైడ్ లేజర్ పైచర్మం నుంచే కాల్చుకుంటూ లోపలికి వెళ్తుంది కనుక, ఛాయ తక్కువ ఉన్నవారికి ఆ తర్వాత నెలల తరబడి నల్లమచ్చలు నిలిచిపోయే ప్రమాదం ఎక్కువ. రేడియో ఫ్రీక్వెన్సీకి చర్మం రంగుతో పనిలేదు, దానికి కావలసింది కణజాలంలోని విద్యుత్ నిరోధం మాత్రమే. మన దేశంలో ఈ చికిత్సకు అంత ఆదరణ దొరకడానికి అసలు కారణం ఇదే. అది న్యాయమైన కారణమే. అయితే ప్రమాదం తక్కువ అన్న మాటను ప్రమాదం లేదు అన్నట్లుగా చెప్పే క్లినిక్కులు ఉన్నాయి, అది మాత్రం నిజం కాదు. శక్తి పెంచినా, ఒకే చోట పదేపదే పొడిచినా, తర్వాత ఎండకు తిరిగినా, మన చర్మం మీద సూదుల గడులు చతురస్రాకారంలో నల్లగా నిలిచిపోయిన సందర్భాలు చర్మవైద్యులకు పరిచితమే.

ఇక హెచ్చరిక విషయానికి వద్దాం. సూది లోతును అర మిల్లీమీటరు నుంచి మూడున్నర మిల్లీమీటర్ల దాకా మార్చుకునే వీలు చాలా యంత్రాల్లో ఉంటుంది. మార్ఫియస్8 వంటి కొన్నింటిలో శరీర భాగాల కోసం ఇంకా లోతుకు వెళ్ళే టిప్పులు, అంటే సూదులు అమర్చిన కొసలు, ఉన్నాయి. ముఖం మీద అంతశ్చర్మం మందం 2 మిల్లీమీటర్లకు మించనప్పుడు, 3 లేదా 4 మిల్లీమీటర్ల లోతున పుట్టిన వేడి చేరేది కొవ్వు పొరకు. గడ్డం కింద కొవ్వు నిండుగా ఉన్నవారికి అది ఉద్దేశపూర్వకంగా చేసే పని కావచ్చు. కానీ సహజంగానే సన్నని ముఖం ఉన్నవారికి, ముఖ్యంగా నలభై దాటాక చెంపల కొవ్వు తగ్గుతున్న వయసులో, అదే లోతు చెంపలను పీల్చేసినట్లు చేస్తుంది, అలా పోయిన కొవ్వు తిరిగి రావడం కష్టం. చెవి ముందు, దవడ అంచున, కంటి పక్కన ముఖనరం శాఖలు పైకి వచ్చే చోట్లు ఉంటాయి. అక్కడ లోతు తెలియకుండా వేడి దించడం వల్లనే నరాల ఇబ్బందులు వస్తాయి. ఇంకొక సంగతి కూడా గమనించాలి. ఈ తరహా యంత్రాల్లో చాలావాటికి ఎఫ్‌డీఏ ఇచ్చిన అనుమతి పత్రాల్లో ఉండే మాట, చర్మ చికిత్సల్లో కణజాలాన్ని గడ్డకట్టించడానికీ రక్తస్రావాన్ని ఆపడానికీ అని. బోవీ యంత్రం నాటి ఆ పరిమితమైన భాషకూ, ‘ఎఫ్‌డీఏ ఆమోదించిన ముఖ యౌవన చికిత్స’ అంటూ మన ఊళ్ళో ఫ్లెక్సీల మీద కనిపించే భాషకూ మధ్య దూరం చాలా ఉంది.

అందుచేత, యంత్రం ఏ కంపెనీదని అడగడం కంటె, నా ముఖంలో ఏ భాగానికి ఎంత లోతు, ఎంత శక్తి పెడతారు, ఎందుకని అడగడం మేలు. దీనికి సూటిగా జవాబు చెప్పగలిగిన డాక్టరు ఆ సంగతి ఆలోచించినట్లే. నుదురుకూ చెంపకూ ముక్కుకూ ఒకే లోతు పెడతామని చెబితే మాత్రం లేచి రావచ్చు. నుదుటి మీద ఎముక వెంటనే తగులుతుంది, కనురెప్పల చర్మం మొత్తం కలిపినా ఒక మిల్లీమీటరు ఉండదు.

ఏ సమస్యకు ఎంత ఆశించవచ్చు అన్నది తర్వాతి ప్రశ్న. మొటిమల గుంటల మీద దీనికి తగినంత అధ్యయనాల బలం ఉంది, కానీ గుంటల్లో రకాలున్నాయి. వెడల్పుగా, అలల్లా కనిపించేవీ, అంచులు స్పష్టంగా ఉండి మరీ లోతు కానివీ బాగా స్పందిస్తాయి. సూదితో పొడిచినట్లు సన్నగా, లోతుగా ఉండే గుంటలను మాత్రం ఇది పెద్దగా మార్చదు. వాటికి ఘాటైన ట్రైక్లోరో అసిటిక్ ఆమ్లాన్ని గుంటలోనే ఒక్క చుక్క అద్దే పద్ధతి పనిచేస్తుంది. కింద పీచులతో బిగదీసుకుపోయిన అలల గుంటలను సబ్‌సిషన్ అనే పద్ధతిలో సూదితో ముందు విడదీయాలి. అనుభవమున్న చర్మవైద్యులు ఈ మూడింటినీ ఒకరికే కలిపి వాడడం అందుకే. ముడతల మీదా, వదులైన చర్మం మీదా ఫలితం ఉంటుంది, కానీ అది శస్త్రచికిత్సతో చర్మాన్ని లాగి బిగించినంత కాదు. దవడ కింద చర్మం వేలాడే స్థాయికి వచ్చాక ఈ సూదుల మీద ఖర్చు పెట్టడం నా దృష్టిలో వృథా. చంకల్లో అతిగా చెమట పట్టే బాధకు స్వేదగ్రంథుల లోతుకు వేడిని పంపి వాడుతున్నారు, కొందరికి గుణం కనిపిస్తోంది. మంగుకు మాత్రం దీనిని సొంతంగా ఒక మందులా భావించకూడదు. వేడి తగిలితే ముదిరే స్వభావం మంగుకు ఉంది.

చికిత్సకు ముందు డాక్టరు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి, అడగకపోతే మనమే చెప్పాలి. గుండెకు పేస్‌మేకర్ గానీ, షాక్ ఇచ్చే పరికరం గానీ అమర్చి ఉంటే రేడియో ఫ్రీక్వెన్సీ వద్దు. గర్భవతులకు వాయిదా వేస్తారు. చీము ఉన్న మొటిమలు, పెదవి పక్కన తరచుగా లేచే జ్వరపు పొక్కులు, గాయం మానేటప్పుడు ఉబ్బెత్తుగా పెరిగే కీలాయిడ్ తత్వం, బొల్లి, సోరియాసిస్ వంటివి ముందే తెలియాలి. జ్వరపు పొక్కుల చరిత్ర ఉంటే ఎసైక్లోవిర్ వంటి మాత్రలు ముందుగా వాడిస్తారు. బొల్లి, సోరియాసిస్ ఉన్నవారికి సూది పొడిచిన చోటే కొత్త మచ్చ లేవవచ్చు. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడినవారిని ఆరు నెలలు ఆగమని చెప్పడం పాత ఆనవాయితీ. 2017లో అమెరికా నిపుణులు ఆధారాలను పరిశీలించి ఇటువంటి చాలా చికిత్సలకు అంతకాలం ఆగవలసిన అవసరం లేదని తేల్చారు. అయినా నిర్ణయం డాక్టరుదే కనుక ఆ మాత్ర సంగతి దాచకూడదు. మన దగ్గర ఇంకొక ప్రత్యేకమైన చిక్కు ఉంది. తెల్లబడడానికని మందుల షాపులో చీటీ లేకుండా కొని, నెలల తరబడి ముఖానికి రాసుకున్న స్టెరాయిడ్ క్రీముల వల్ల పలచబడి, ఎర్రబడి, మంటెత్తుతున్న చర్మం మీద సూదులు వేయకూడదు. ఆ క్రీము మాన్పించి చర్మం కుదుటపడే దాకా నెలలు పట్టవచ్చు.

పెళ్ళిళ్ళ కాలం దగ్గర పడగానే ఈ చికిత్సకు వచ్చేవారి సంఖ్య పెరుగుతుంది. ముహూర్తానికి మూడు వారాల ముందు వచ్చి ముఖం నునుపు కావాలంటే చర్మం వినదు. పైగా పెళ్ళికూతురిని చేసే రోజున పసుపు, సెనగపిండి నలుగు పెట్టి రుద్దే ముఖం అది. ఇంకా పచ్చిగా ఉన్న చర్మం మీద ఆ రాపిడి నల్లమచ్చలకు దారి తీస్తుంది. పెళ్ళికి ఐదారు నెలల ముందు మొదలుపెట్టి, ఆఖరి సిట్టింగు కనీసం నెలన్నర ముందు ముగించడం సబబు.

చికిత్స రోజున ముందుగా ముఖం కడిగించి లిడోకైన్, ప్రైలోకైన్ కలిసిన మత్తు క్రీము దట్టంగా పూసి, పైన పలచని ప్లాస్టిక్ కాగితం కప్పి, 45 నిమిషాల నుంచి గంట సేపు కూర్చోబెడతారు. త్వరగా తెమిలిపోతుందని ఈ క్రీమును ఇంటి దగ్గరే సొంతంగా పెద్ద భాగానికి పూసుకొని వెళ్ళడం ప్రమాదం. ఎక్కువ మోతాదులో అది రక్తంలోకి చేరితే గుండెకూ మెదడుకూ హాని చేస్తుంది. క్రీము తుడిచి శుభ్రం చేశాక, డాక్టరు హ్యాండ్‌పీసు కొసకు కొత్త టిప్పు బిగిస్తారు. యంత్రాన్ని బట్టి రెండు డజన్లో, నాలుగైదు పదులో బంగారు పూత సూదులు ఆ చదరంలో అమర్చి ఉంటాయి. టిప్పును చర్మానికి లంబంగా ఆనించి మీట నొక్కగానే సూదులు దిగి, క్షణంలో కొంత భాగం పాటు విద్యుత్తు పారి, తిరిగి లోపలికి వెళ్ళిపోతాయి. ప్రతి ముద్రకూ ఒక చిన్న బీప్ శబ్దం వస్తుంది. చెంప మీద అది గట్టి చురుకులా ఉంటుంది. నుదుటి మీద, పై పెదవి మీద, దవడ ఎముక అంచున చురుకు ఎక్కువ. మూడు నాలుగు ముద్రలయ్యేసరికి రక్తపు చుక్కలు గడుల్లా లేస్తాయి, వాటిని గాజుగుడ్డతో అద్దుకుంటూ ముందుకు వెళ్తారు. మొత్తం ముఖానికి అరగంట పడుతుంది. నొప్పి ఎంతగా ఉందో చెప్పాలి, ఓర్చుకోవడం గొప్ప కాదు. ఒక చోట హఠాత్తుగా భరించలేని మంట పుట్టడం డాక్టరుకు పనికొచ్చే సమాచారం.

ఆ సాయంత్రం ముఖం ఎండదెబ్బ తగిలినట్లు ఎర్రగా, వేడిగా ఉంటుంది. మర్నాడు పొద్దున కళ్ళ కింద వాపు కనిపించవచ్చు. ఎరుపు ఒకటి నుంచి మూడు రోజులు, వాపు రెండు మూడు రోజులు ఉండి తగ్గుతాయి. మూడో రోజు నుంచి చర్మం గరుకుగా మారి, సూదులు దిగిన చోట్ల చిన్న గోధుమరంగు చుక్కలు తేలి, వారం లోపల వాటంతట అవే రాలిపోతాయి. గిల్లకూడదు. మొదటి రోజు ముఖాన్ని చల్లని నీటితో, సబ్బు లేకుండా కడుక్కొని, డాక్టరు ఇచ్చిన తేమ క్రీము తప్ప మరేదీ రాయకూడదు. నిమ్మరసం, పసుపు, కలబంద గుజ్జు, పెరుగు వంటి వంటింటి పూతలకు సూది రంధ్రాలు తెరుచుకున్న చర్మం తగిన చోటు కాదు. మేకప్పు, మగవారి గడ్డం గీత ఒకటి రెండు రోజులు ఆగాలి. రెటినాల్, ఆమ్లాలు కలిసిన సీరములు వారం ఆపాలి. బొట్టు పెట్టుకునే చోట సూదులు పడితే జిగురున్న స్టిక్కరు కొన్ని రోజులు మానడం మంచిది. మర్నాటి నుంచి సన్‌స్క్రీన్ తప్పనిసరి. కనీసం ఎస్.పి.ఎఫ్. 30 ఉన్నది, బయట ఉంటే రెండు మూడు గంటలకొకసారి రాయాలి. ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ మామూలు వెలుతురు నుంచి కూడా కాపాడుతుంది కనుక నల్లబడే చర్మానికి అది ఇంకా మెరుగు. మే నెలలో, మండే ఎండలో బైకు మీద తిరగక తప్పని ఉద్యోగమైతే చికిత్సను వానాకాలానికి జరుపుకోవడం తెలివైన పని.

రెండో వారంలో ముఖం నిగనిగలాడుతుంది. చాలామంది దీనినే ఫలితం అనుకుంటారు గానీ, అందులో చాలా భాగం మిగిలిన వాపూ, పైపొర రాలి కొత్తది రావడమూ. నెల తిరిగేసరికి ఆ నిగారింపు తగ్గి, ‘డబ్బు పోయింది, గుంటలు అలాగే ఉన్నాయి’ అన్న నిరాశ మొదలవుతుంది. నిజానికి లోపల పని అప్పుడే నడుస్తూ ఉంటుంది. గాయం మానేటప్పుడు ముందుగా పుట్టే కొలాజెన్ మూడో రకానికి చెందినది, పలచనిది. దాని స్థానంలో గట్టిదైన ఒకటో రకం చేరడానికి నెలలు పడుతుంది. అందుకే తుది ఫలితాన్ని ఆఖరి సిట్టింగు తర్వాత మూడు నుంచి ఆరు నెలలకు గానీ లెక్కగట్టకూడదు. గుంటలకు సాధారణంగా మూడు నాలుగు సిట్టింగులు, ఒకదానికొకటి నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో చేస్తారు. బాగా స్పందించినవారిలో కూడా గుంటలు తగ్గుతాయి, పలచబడతాయి, పక్క నుంచి వెలుగు పడినప్పుడు నీడ తేలిక అవుతుంది; పూర్తిగా మాయం కావు. మొదటి సిట్టింగుకు ముందు ఒకే గది, ఒకే వెలుతురు, ఒకే కోణంలో ఫొటోలు తీయించుకొని ఒక కాపీ మన ఫోనులో పెట్టుకోవాలి. రోజూ అద్దంలో చూసుకునే కన్ను నెమ్మదిగా వచ్చిన మార్పును పట్టుకోలేదు, రాని మార్పును ఊహించుకోనూగలదు.

టిప్పు సంగతి వేరుగా చెప్పాలి. అది ఒక్క మనిషికి, ఒక్కసారికి మాత్రమే. అది ఖరీదైన వస్తువు కనుక, ధర మరీ తక్కువ చెప్పే చోట దానినే మళ్ళీ వాడే ప్రలోభం ఉంటుంది. మూసి ఉన్న ప్యాకెట్టును కళ్ళ ముందు చింపించి, గడువు తేదీ చూసి, పని అయ్యాక పారేయడం కూడా చూడడానికి మొహమాటపడనక్కరలేదు. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలో లైసెన్సు లేని ఒక స్పాలో, రోగి రక్తంలోని ప్లాస్మాను ముఖానికి పూస్తూ సూదులతో పొడిచే చికిత్స చేయించుకున్న ముగ్గురు మహిళలకు హెచ్‌ఐవీ అక్కడే సోకి ఉంటుందని ఆ దేశపు ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2024లో ప్రకటించింది. పేర్లు రాయని రక్తపు ట్యూబులు వంటగదిలో, తినే పదార్థాల పక్కన ఫ్రిజ్‌లో దొరికాయట. అక్కడ రేడియో ఫ్రీక్వెన్సీ ఏమీ లేదు, ఉన్నది సూది, రక్తం, నిర్లక్ష్యం. బ్యూటీ పార్లర్లలోనూ ఇళ్ళలోనూ ఆన్‌లైన్లో కొన్న పెన్నులతో చేసుకునేవారికి ఆ మూడూ దగ్గరలోనే ఉంటాయి. ఎఫ్‌డీఏ హెచ్చరికలోనూ ఇది వైద్య ప్రక్రియ అనీ, ఇంట్లో చేసుకునేది కాదనీ ఉంది. మన దేశంలో ఎం.డి. లేదా డి.డి.వి.ఎల్. వంటి చర్మవైద్య పట్టా ఉన్న డాక్టరు స్వయంగా చేస్తున్నారా, లేక సంప్రదింపు వారిదై సూదులు వేసేది టెక్నీషియనా అన్నది డబ్బు కట్టకముందే తేల్చుకోవాలి.

రెండు మూడు రోజులు దాటాక ఎరుపు తగ్గకుండా పెరగడం, చీము, జ్వరం, నీటిపొక్కులు, సూదుల గడి ఆకారంలోనే ముదురు గుర్తులు, ముఖంలో ఒక పక్క తిమ్మిరి లేదా నవ్వినప్పుడు పెదవి వంకర పోవడం, ఇవి వేచి చూడవలసిన లక్షణాలు కావు. చేసిన క్లినిక్కు ‘మామూలే, తగ్గిపోతుంది’ అని ఫోనులో చెప్పినా సరే, ఆ రోజే వేరే చర్మవైద్యులకైనా చూపించాలి. వాడిన లోతు, శక్తి అంకెలు మొదటి క్లినిక్కు నుంచి రాతపూర్వకంగా తీసుకుంటే రెండో డాక్టరుకు పని సులువవుతుంది. అసలు ఆ అంకెలు ప్రతి సిట్టింగుకూ మన కేసు షీటులో నమోదు కావాలి. ఆరు సిట్టింగుల ప్యాకేజీకి ఒకేసారి డబ్బు కడితే తగ్గింపు ఇస్తామని చెప్పే చోట, మొదటి రెండింటికి మాత్రమే కట్టి, చర్మం ఎలా మానిందో, నల్లబడిందో లేదో చూసుకొని, మిగిలినవాటి సంగతి తర్వాత నిర్ణయించుకుంటామని చెప్పవచ్చు.